బిగించిన సీసా

నా భార్య చివరిగా చేసింది మిరపతేనె. తేనెలో పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి పెట్టింది. అది ఊరకముందే తను పోయింది. పాడవకూడదని నేనే మూత గట్టిగా బిగించి, నెలల తరబడి తెరవలేదు.

ఇల్లు మారిన రోజు, శామీర్‌పేటలో ఎక్కిన బస్సులో ఆ సీసా నా ఒళ్ళో ఉంది. పక్కసీట్లోని పెద్దామె ఉబ్బిన మూతను చూసి, అడగకుండానే సీసా లాక్కుని తిప్పేసింది. తేనె బుస్సున పొంగి నా చొక్కా మీద పడింది. నేను తలెత్తి ఆమెను చూశాను.

"గట్ల జూస్తవేంది బిడ్డా? జరసేపైతే పగులుతుండె! ఊరేదానికి రోజు గాలి ఇడ్వాలె." వేలు నాకింది. "మస్తుంది. ఎవలు జేసిన్రు?"

"మా ఆవిడ."

"మూత గింత గట్టిగ పెట్టొద్దని జెప్పు ఆమెకు."

చెప్తానన్నాను. పెద్దామె దిగిపోయాక, చొక్కా మీది తేనెను వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. అప్పటిదాకా దాని రుచి నాకు తెలియదు.