గరికకు కట్టిన అద్దె

నోరీన్ త్రెల్‌ఫాల్‌కు తోట మడి దక్కిన వార్త బడి వంటశాలలో, కస్టర్డు వడ్డించే వేళకు వచ్చింది. ఫోన్ చేసినవాడు క్లాగ్ లేన్ తోటల సంఘం కార్యదర్శి విల్ఫ్ ఎంట్‌విజిల్. ఆయన ఏ కబురు చెప్పినా ఎవరో పోయినట్టే చెబుతాడు.

"మిసెస్ త్రెల్‌ఫాల్, పద్నాలుగో నంబరు మడి ఖాళీ అయింది. మీ వంతు వచ్చింది. కావాలా, వద్దా?"

"కావాలి!" అని ఆమె వేసిన కేక భోజనాల హాలు అవతలి గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. ఆ ఊపులో గరిటెడు కస్టర్డు ఎదుటి పిల్లవాడి చేపముక్కల మీద పడింది. వాడు అదేదో కొత్త వంటకమనుకుని తినేసి, మారు వడ్డించమన్నాడట.

మా ప్రెస్టన్‌లో మోకాలి ఆపరేషన్‌కు ఎదురుచూడవచ్చు, పిల్లలకు మంచి బడిలో చోటుకు ఎదురుచూడవచ్చు. మునిసిపాలిటీ అద్దెకిచ్చే తోట మడి కోసం చూడడం మాత్రం వేరే తపస్సు. ఆ వరస కదలాలంటే మడి ఉన్నవాళ్లెవరో విసిగిపోవాలి, లేదా పోవాలి. విసిగిపోయేవాళ్లు తక్కువ. నోరీన్ ఈ తపస్సు ఎనిమిదేళ్లు చేసింది.

ఆమె పుట్టింది, పెరిగింది, కాపురం చేస్తున్నది అంతా వరస ఇళ్లలోనే. ఆ ఇళ్ల వెనక పెరడంటే నాలుగు రాతిపలకలు, చెత్తడబ్బా. పిడికెడు మట్టి కావాలంటే అంగట్లో కొనుక్కోవాలి. పెళ్లైన నాటి నుంచి ఊరి పిల్లలకు డబ్బాల్లోంచి తీసిన బఠాణీలు వడ్డిస్తున్న మనిషికి, తాను నాటిన తీగ నుంచి ఒక్క కాయ కోసి ఒలుచుకోవాలని ఉండడం అత్యాశేమీ కాదు.

అత్యాశేనని ఆమె భర్త గోర్డన్ తేల్చాడు. ఆయన ఇంటింటికీ తిరిగి గ్యాసు మీటర్లు చూసి రిటైరైన మనిషి. జీవితమంతా ఇతరుల ఖర్చు చదివినవాడు. ఆ సాయంత్రం టీ బల్ల దగ్గర తన చదువు ఇంట్లోనే ప్రయోగించాడు.

"అద్దె ఏడాదికి అరవై పౌండ్లు. గేటు తాళంచెవికి డిపాజిట్టు వేరే. పార, బూట్లు, విత్తనాలు, ఎరువు. అన్నీ కలిపి చూస్తే నీ బంగాళాదుంప ఒక్కొక్కటి రెండు పౌండ్లు పడుతుంది నోరీన్. సంతలో అదే డబ్బుకి సంచీ నిండా ఇస్తున్నాడు."

"సంతలో దుంప నాతో మాట్లాడదు గోర్డన్."

"నీ దుంప మాట్లాడుతుందేమిటి?"

"నువ్వెలాగూ మాట్లాడవు, లెక్కలు చెబుతావు. దాన్నైనా మాట్లాడనీ."

మర్నాడు ఎంట్‌విజిల్ ఆమెను మడి దగ్గర నిలబెట్టి నియమాలు చదివాడు. నియమాలు చదివేటప్పుడు ఆయన టోపీ తీస్తాడు. జాతీయగీతానికి తీయడు. అన్నింటిలోకీ భయంకరమైన నియమం ఒకటుంది. జూన్ ఆఖరుకల్లా మడిలో ముప్పాతిక వంతు సాగులోకి రావాలి. రాకపోతే మడి వరసలో తర్వాతివాళ్లకు పోతుంది, అద్దెదారు మళ్లీ వరస చివరికి పోవాలి.

నోరీన్ మడి వంక చూసింది. నడుమెత్తు గరిక. మధ్యలో పుల్లటి కాడల ముసలి రూబార్బ్ దుబ్బు ఒకటి, వరదలో ఇంటి కప్పెక్కి కూర్చున్నవాడిలా తల మాత్రం పైకి పెట్టి ఉంది. "అమ్మయ్యో, ఎంత బాగుందో!" అంది. ఎంట్‌విజిల్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పక్క మడి ఆల్విన్ పినాక్‌ది. ఏడేళ్ల వయసులో జమైకా నుంచి వచ్చి, రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. "నిమ్మళంగా, చెల్లీ. నాలుగు పళ్లున్న పారతో మట్టి గుల్ల చేసి, వేరు వెంట వేరు బయటికి తియ్యాలి. ఈ గడ్డికి తొందరంటే మహా ఇష్టం" అని చెప్పి, మే నెల సెలవులకు బర్మింగ్‌హామ్‌లో కూతురింటికి పోయాడు. ఆయన అటు వెళ్లగానే ఇటు నోరీన్ నేల దున్నే రోటవేటర్ అద్దెకు తెచ్చింది.

క్లాగ్ లేన్‌లో మేమంతా అడక్కుండానే సలహాలిచ్చే జాతి. టమాటా మొక్క ఒకటి వాలితే ఏడుగురం చేరి ఎనిమిది మందులు చెబుతాం. ఆ రోజు కూడా ఊరుకోలేదు. యంత్రం గరికలోకి దిగుతుంటే కంచె పొడుగునా నిలబడి, "వద్దు! వద్దు!" అని చేతులూపి అరిచాం. ఆ రొదలో ఆమెకు మా గొంతులు చేరలేదు, చేతులే కనిపించాయి. మేం మెచ్చుకుంటున్నామనుకుని ఆమె కూడా చెయ్యి ఊపి, ఇంకో చాలు వేసింది.

సాయంత్రానికి మడి నల్లగా, మెత్తగా, పిండిలా తయారైంది. నోరీన్ దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. బంగాళాదుంపలు పాతి, ఆ రాత్రి గోర్డన్‌తో, "ఒక్కరోజు, గోర్డన్! ఒక్కరోజులో అయిపోయింది!" అని అరడజను సార్లు అంది.

పినాక్ తిరిగొచ్చేసరికి మడి నిండా పచ్చటి సూదులు మొలిచి ఉన్నాయి. ఆయన టోపీ తీసి గుండెకానించుకున్నాడు.

"యంత్రం పెట్టావా చెల్లీ?"

"బంగాళాదుంపలు మొలుస్తున్నాయి కదా అన్నా?"

"దుంపలు కావవి. యంత్రం గరిక వేరుని ముక్కలు చేసింది. ప్రతి ముక్కా ఒక గరికే. నీకు ఒక్క శత్రువు ఉండేవాడు. వాడికి సంతానం కలగజేశావు."

నోరీన్ రూబార్బ్ పక్కన కూలబడింది. కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి పినాక్ పళ్ల పార అడిగి తీసుకుంది.

ఇంట్లో గోర్డన్ ఓదార్చాడు. "పోన్లే. ఇప్పుడే వెనక్కి ఇచ్చేస్తే తాళంచెవి డిపాజిట్టు వస్తుంది."

"నువ్వు ఇంట్లో కూర్చుని మీటరు చూసుకో" అని చెప్పి ఆమె బూట్లు తొడుక్కుంది.

ఇక ప్రతి సాయంత్రం బడి నుంచి నేరుగా మడికే. మా దేశంలో ఆ నెలల్లో పొద్దు పోవడానికి మొరాయిస్తుంది. ఆమెకు అదొక్కటే కలిసొచ్చింది. పార గుచ్చి, మట్టి లేపి, తెల్లటి వేర్లు ఏరి బకెట్లో వేస్తుంది. శుభ్రమైన మొదటి చాలులో అప్పటికప్పుడే బఠాణీ గింజలు నాటేసింది. ఏ పని చేసినా పట్టలేని సంబరం. వానపాము కనిపిస్తే పక్క మడుల వాళ్లందరినీ పిలిచి చూపించేది.

ఇంట్లో వంట ఆగిపోయి కొద్దిరోజులైంది. ఒక సాయంత్రం గోర్డన్ ఫ్లాస్కు పట్టుకుని మడి అంచుకు వచ్చి నిలబడ్డాడు.

"ఊరికే నిలబడకు, గరికనుకుని పీకేస్తా" అంది నోరీన్. "ఆ కొస పట్టుకో."

గోర్డన్ వంగి వేరు కొస పట్టుకున్నాడు. లాగలేదు, మీటరు ముల్లు కోసం ఆగినట్టు ఆగాడు. నోరీన్ పారతో పక్క మట్టి వదులు చేసింది. వేరు కదిలింది, జరిగింది, ఇంకా జరిగింది. తెల్లగా, సన్నగా, తెగకుండా మోచేతి పొడుగున బయటికొచ్చి ఆయన చేతిలో వేలాడింది. గోర్డన్ దాన్ని వెలుతురుకెత్తి చూశాడు. రిటైరయ్యాక ఆయన ముఖంలో అంత శ్రద్ధ ఎవరూ చూడలేదు.

"తెగలేదు" అన్నాడు.

"తెగలేదు" అంది నోరీన్.

"ఇంకోటి చూపించు."

మర్నాడు ఆమెకంటే ముందే వచ్చాడు, జేబులో టేపుతో. అక్కడి నుంచి మా తోటలో ప్రశాంతత లేదు. "నోరీన్! భుజం దాకా వచ్చింది!" అని ఒక కేక. "పినాక్, ఇలా రావయ్యా, ఇది నీ మడిలోంచి వచ్చినట్టుంది!" అని ఇంకొకటి. పినాక్ వచ్చి, "నా మడిలో గరిక లేదు" అని ప్రమాణం చేసి, కంచె కింద వేలు పెట్టి చూసుకుని, గబగబా తన మడి వైపు నడిచాడు. తెగని వేర్లన్నీ గోర్డన్ షెడ్డు ముందు తీగ మీద పొడుగు వరసన ఆరేశాడు. వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి మడులవాళ్లో వచ్చి, పెళ్లికూతురి నగలు చూసినట్టు చూసి పోయేవారు. తెగిన వేరుకు మాత్రం ఆయన దగ్గర గౌరవం లేదు. అది ఎవరు తెంపారో చెప్పేదాకా వదిలేవాడు కాదు. ఎక్కువసార్లు ఆయనే తెంపాడు.

అప్పుడు, మూలిగే నక్క మీద తాటిపండులా, వాన పట్టుకుంది. ప్రెస్టన్‌లో వాన పడిందనడం వార్త కాదు. ఆగకుండా వారం పైన పడిందన్నది వార్త. బురదలో పార దిగదు, దిగితే వేరు తెగుతుంది. ఇద్దరూ షెడ్డులో కూర్చుని టీ తాగుతూ, తలుపు సందులోంచి మడి కింది సగంలో గరిక పెరగడం చూశారు.

తనిఖీ రోజు వచ్చింది. ఎంట్‌విజిల్, వెనక ఇద్దరు సభ్యులు, ఊరేగింపుగా దారెంట దిగారు. ఏ పనీ లేని మేమంతా మా మడుల్లో ఏదో పని ఉన్నట్టు వంగాం. పై సగంలో బఠాణీ తీగ పూత మీద ఉంది, లీక్ ఉల్లి నారు నిలబడింది, దుంప మొక్కలు బారులు తీరాయి. కింది సగంలో గరిక గాలికి తలలూపుతోంది. ఎంట్‌విజిల్ అడుగులు వేసి కొలిచి టోపీ తీశాడు.

"సగం. సగం మీద ఒక్క అడుగు."

నోరీన్ పార పిడిని రెండు చేతులా పట్టుకుంది.

సంఘం నీళ్ల తొట్టి వెనక్కి వెళ్లి రహస్య సమాలోచన జరిపింది. ముగ్గురికీ కాస్త చెవుడు కాబట్టి తోటంతా వింది. ఒకరు తీసేసుకోమన్నారు. ఒకరు పూత మీదున్న బఠాణీని పీకేస్తే పాపమన్నారు. చివరికి ఎంట్‌విజిల్ బయటికొచ్చి తీర్పు చెప్పాడు. మడిని రెండు చేయాలి. పై సగం త్రెల్‌ఫాల్ గారికి, సగం అద్దెకు. కింది సగం వరసలో తర్వాతివారికి. ముప్పై పౌండ్లు తిరిగి ఇస్తారు.

"సగమా!" అని గర్జించాడు గోర్డన్. "ఆ కింది సగంలో ఎలాంటి వేర్లున్నాయో తెలుసా మీకు? ఇంకా అందులో పార కూడా పెట్టలేదు!"

"ముప్పై పౌండ్లు వెనక్కొస్తాయి, మిస్టర్ త్రెల్‌ఫాల్."

"మీ ముప్పై ఎవడిక్కావాలయ్యా!"

తోటలో పనులు నటిస్తున్నవాళ్లం ఆ నటన కూడా మానేశాం. గోర్డన్ త్రెల్‌ఫాల్ ముప్పై పౌండ్లు కాదన్నాడు. నోరీన్ ఆయన్ని చర్చి గుమ్మంలో మొదటిసారి చూసినట్టు చూసింది.

"మూడు వారాలు గడువివ్వండి. ఒక్క గరికపోచ ఉంటే నన్ను అడగండి" అన్నాడాయన.

ఎంట్‌విజిల్ గొంతు సవరించుకున్నాడు. "వానల వల్ల గడువివ్వచ్చు. నియమం ఒప్పుకుంటుంది. కాని మీరు అద్దెదారు కారు. అద్దెదారు అడగాలి."

అందరి చూపూ నోరీన్ మీద పడింది. ఆమె గోర్డన్ ముఖం చూసింది, కింది సగం చూసింది.

"తర్వాత వరసలో ఎవరండీ?"

"షబ్నమ్ కాజీ అని. మూడో అంతస్తు ఫ్లాటు. ఏడేళ్లు దాటింది ఎదురుచూడబట్టి."

"ఏడేళ్లు" అంది నోరీన్. పార మట్టిలో గుచ్చింది. "ఆ సగం ఆమెకిచ్చేయండి. రేపటిదాకా ఆగకండి, ఈ సాయంత్రమే చెప్పండి. ఈ రాత్రికి ఆమెకి సంతోషంతో నిద్ర పట్టదు, పాపం. పట్టకపోతేనే బాగుంటుంది."

"నోరీన్!" అన్నాడు గోర్డన్.

"నా సగం నాకు చాలు గోర్డన్. నా నడుముకీ చాలు."

మధ్యన తాడు కట్టారు. గోర్డన్ రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు, ఆమె ఆ తేడా పెద్దగా గమనించలేదు. శనివారం ఉదయం షబ్నమ్ వచ్చింది. మందుల షాపులో పనిచేసే అమ్మాయి. బూట్లకి ఇంకా ధర చీటీ వేలాడుతోంది. గరికను చూసి, "నాదేనా? ఇదంతా నాదేనా?" అని నవ్వింది. రెండోసారి చూసి నవ్వు తగ్గించింది.

గోర్డన్ తాడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అటు చూడకుండా ఉండడానికి చాలా ప్రయత్నించాడని ఒప్పుకోవాలి.

"ఆ మూల నుంచి మొదలుపెట్టమ్మా. పొడుగువి అక్కడుంటాయి."

"మీరు తోటమాలా అంకుల్?"

"కాదు తల్లీ" అంది నోరీన్ బఠాణీ తీగల్లోంచి. "వేర్లు లాగుతాడు. అదొక్కటే వచ్చు. దానికైతే ఊళ్లో సాటి లేడు."

షబ్నమ్ గరిక వంక, ఆయన చేతిలోని పళ్ల పార వంక చూసింది. "రోజుకి ఎంత తీసుకుంటారు?"

గోర్డన్ ఆలోచించాడు. ఎంత తక్కువ అడగాలో తేల్చుకుంటున్నట్టు కనిపించింది.

"కూలి వద్దు. తెగకుండా వచ్చిన వేర్లు మాత్రం నావి."

ఆ అమ్మాయి నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి, గంభీరంగా చెయ్యి చాచింది. "ఒప్పందం అంకుల్. తెగినవి నావి."

అప్పటికే ఆయన తాడు దాటేశాడు. మొదటి పార గుచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, వెనక్కి తిరక్కుండా కేకేశాడు.

"నోరీన్! టీ ఇటు పట్రా!"

"నువ్వే వచ్చి తాగు" అంది నోరీన్. "దేశం దాటినవాడివి నువ్వు, నేను కాదు."