క్యారెట్ ముక్క నడిమి పులుపు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు మరునాటి మంగళవారం, కెనడాలోని కిచెనర్ పట్టణంలో ఒక చిన్న ఊరగాయల కర్మాగారపు తనిఖీ నాకు అప్పగించారు. అప్పటికి నేను ఆహార భద్రతా విభాగంలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ను. సీసాలలో నిలవ ఉండే తినుబండారాలను సూపర్‌మార్కెట్లకు అమ్మదలచినవారు ముందుగా తమ తయారీ విధానానికి మా ఆమోదం పొందాలి. ఇన్‌స్పెక్టరు స్వయంగా వెళ్లి పని చూసి, నమూనా సీసాలు తీసి ప్రయోగశాలకు పంపి, ఫలితం సరిపోయిందని సంతకం చేసి ఫైలు మూయాలి. ఫైలు మూస్తే గాని సరుకు గడప దాటదు.

కర్మాగారం యజమానురాలు మాలిని నాయుడు. యాభై దాటిన మనిషి, దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చారు. ఐదు తరాల కిందట ఆమె పూర్వులు ఉత్తరాంధ్ర నుంచి చెరకుతోటల కూలికి ఓడెక్కి వెళ్లినవారు. పేరు చివర మన మాట మిగిలింది గాని మాట్లాడే మాట మిగలలేదు. తన పేరును ఆమె ‘నాయిడూ’ అని సాగదీసి పలికేవారు. డర్బన్‌లో పద్దెనిమిదేళ్లు నడిపిన కర్మాగారం ఒక వరదలో పోయింది. బురద ఎత్తిపోసిన పదో రోజున ఒక బడి వంటగది అద్దెకు తీసుకుని మళ్లీ మొదలుపెట్టారు. తరవాత భర్త ఉద్యోగం కెనడాకు మారగా ఇక్కడ మూడోసారి, మొదటి సీసా నుంచి.

నా ఉద్యోగకాలంలో దక్షిణాఫ్రికా వ్యాపారులు అరడజను మంది దాకా తారసపడ్డారు. ఎండుమాంసం చేసేవాడొకడు, రస్కులు కాల్చే దంపతులు, పండ్లరసాల ఆమె ఒకరు. తెల్లవారైనా నల్లవారైనా మనవారైనా వారందరిదీ ఒకటే అలవాటు. కరెంటు పోయిందన్నా, లారీ రాలేదన్నా, అనుమతి నిరాకరించామన్నా ‘మేక్ ఎ ప్లాన్’ అనేవారు. ప్రణాళిక గీసుకోవడమని దానర్థం కాదు. జరిగినదానిమీద మాట్లాడటం చాలించి చేతికందిన పని మొదలుపెట్టడమని. గంటల లెక్కన కరెంటు తీసేసే దేశంలో వంటలు చేసి అమ్మిన వారికి ఆ మాట ఊతపదమైంది.

మాలిని గారికి ఆ సెప్టెంబరులో ఒక గడువు ఉంది. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ తన దుకాణాలలో ఆమె సీసాలకు షెల్ఫులో ఒక అర ఇస్తామంది. నెలాఖరులోగా సరుకు వారి గిడ్డంగికి చేరాలి. చేరకపోతే ఆ అర మరొకరికి పోతుంది, తిరిగి అడగాలంటే ఏడాది ఆగాలి. అందుకే నేను లోపలికి అడుగుపెట్టగానే ఆమె తేదీ గుర్తుచేశారు. “అంకుల్, మీరు లేటుగా వచ్చినా ఫరవాలేదు, ఫైలు మాత్రం లేటు చెయ్యకండి” అని నవ్వారు. ఇన్‌స్పెక్టరును అంకుల్ అనరాదని ఆమెకు తెలుసు. డర్బన్‌లో తలనెరసిన ప్రతివాడూ అంకులేనట.

లోపల ఆవపిండి, మెంతులు, కారం కలిసిన ఘాటు. నేను పుట్టిపెరిగిన బొబ్బిలి ప్రాంతంలో మే నెలలో వీధి పొడుగునా ఉండే ఘాటు అది. కెనడాలో ముప్పైరెండేళ్లుగా దుకాణంలో కొన్న సీసాల వాసనే గాని, నిలువెత్తు పాత్రలో అప్పుడే కలిపిన ఊరగాయ వాసన నా ముక్కుకు తగలలేదు. దానిని నేను తనిఖీలో భాగంగా లెక్కించలేదు, లెక్కించవలసింది.

ఒక మూల బల్ల దగ్గర తలకు వలటోపీ పెట్టుకుని ఒక వృద్ధురాలు గుడ్డతో సీసాల అంచులు తుడుస్తున్నారు. మాలిని గారి తల్లి అప్పలమ్మ గారు. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చారు, అక్టోబరు చివర వెళ్లిపోవాలి. నా పేరు వినగానే ఆమె తల ఎత్తకుండానే తెలుగులో అడిగారు.

“నీదే ఊరు బాబూ?”

నేను మర్యాదకు నిలబడి, తమ పూర్వీకులు ఏ ప్రాంతీయులో తమకు విదితమేనా అని ఎంతో గౌరవంగా విచారించాను. ఆమె కూతురివైపు తిరిగి, ఈయన ఏమంటున్నాడని ఇంగ్లీషులో అడిగారు. మాలిని గారు పకపకా నవ్వారు. నేను అవస్థపడుతుంటే ఆ పెద్దావిడే దయతలచి, “ఏటి సదువుకున్నావో గానీ, మాట తెలీకుండా సదివీసావు” అన్నారు. అప్పుడు నా నోట ‘ఏటి’ వచ్చింది. “బొబ్బిలి దగ్గిర మామ్మా. మీరేటి, తెలుగు ఇంత బాగా మాటాడతన్నారు?”

డాక్టర్లు, ఇంజనీర్ల మధ్య, అన్ని జిల్లాలవారూ కలిసే సభలలో మాట్లాడి మాట్లాడి నా మాటలో ఆ యాస అరిగిపోయి చాలా కాలమైంది. దానిని భద్రంగా దాచినది ఇండియా గడ్డ మీద ఒక్కనాడూ కాలు పెట్టని మనిషి. మా ఇద్దరి సంభాషణ రెండు నిమిషాలు మించలేదు. మాలిని గారు పక్కనుంచి చెప్పారు, అమ్మకు చేతిలో ఈ పని ఉన్నప్పుడే తెలుగు వస్తుందని. సీసాలు తుడుస్తూ, కాయలు కోస్తూ ఉండగా వాళ్ల నాయనమ్మ నేర్పిన మాటలవి. మిగతా వేళల్లో ఆమెదీ ఇంగ్లీషే.

“పని అయిపోనాక ఓపాలి వచ్చి కూకో బాబూ. ఇంకా అడగాలి నిన్ను” అన్నారు అప్పలమ్మ గారు.

ఫైలు తెరిచి ఉన్నంతకాలం లైసెన్సు కోరేవారి దగ్గర కూర్చోవడం, వారి చేతి పదార్థం రుచి చూడటం మా నియమావళి ఒప్పదు. ఫైలు మూశాక వస్తానని చెప్పాను. వారం, మహా అయితే పది రోజులనుకున్నాను.

ఇక నా పొరపాటు సంగతి. నూనెలో ఊరే పదార్థాలలో అతి ప్రమాదకరమైనది పులుపు అందని ముక్క. పులుపును పీహెచ్ అనే కొలతతో చూస్తాం. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ముక్క నడిమి భాగంలోనూ ఆ అంకె 4.6కు మించరాదు. మించితే నూనె కింద, గాలి చొరని చోట, ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగగలదు. సీసా చూడటానికి ఎంత బాగున్నా లోపలి సంగతి కంటికి తెలియదు. పుల్లని పండ్ల ఊరగాయలకు నూనె వంచేసి మొత్తం నూరి ఒకే కొలత తీస్తే చాలు. పులుపు లేని కూరగాయలు కలిసినప్పుడు మాత్రం ప్రతి రకపు ముక్కనూ విడిగా తీసి, అన్నింటిలో మందమైనదాని నడుమ కొలవాలి.

నేను చూసిన పాత్రలో మామిడి ముక్కలతో పాటు క్యారెట్, బీన్స్ కూడా ఉన్నాయి. డర్బన్‌లో మనవారి ఊరగాయ అలాగే మారింది. లేబులు మీద ‘వెజిటబుల్ ఊరగాయ’ అనే ఉంది. కళ్లతో చూశాను. అయినా నమూనా పత్రంలో పదార్థం పేరు అన్న గడిలో ‘మామిడికాయ ఊరగాయ’ అని రాసి, పండ్ల వర్గం కింద గుర్తు పెట్టి మూడు సీసాలు పంపాను. ముక్కు చెప్పినట్టు చెయ్యి రాసింది.

గురువారం ఫలితం వచ్చింది: 3.9. అదే సాయంత్రం ప్రాథమిక ఆమోదం రాసి, ప్రతిని మాలిని గారికి పంపాను. తుది సంతకం సోమవారం.

శుక్రవారం ఉదయం ఆమె ఫోన్ చేశారు. గొంతులో నవ్వు లేదు.

“అంకుల్, మీ రిపోర్టులో మ్యాంగో అని ఉంది. నేను చేసింది మ్యాంగో కాదు.”

పేరు సవరిస్తానన్నాను. ఆమె పేరు గురించి ఫోన్ చేయలేదు. కొనే సంస్థవారు గాజు సీసాలో రంగురంగుల పెద్ద ముక్కలు కనబడాలన్నారట. అందుకని ఈసారి క్యారెట్‌ను బొటనవేలంత మందాన కోయించారు. డర్బన్‌లో సన్నగా కోసి, వేడి గిడ్డంగిలో మూడు వారాలుంచి గాని పంపేవారు కారు. నా రిపోర్టు చదివి అనుమానం వచ్చి, తనవద్ద ఉన్న సీసా ఒకటి తెరిచి తల్లి చేతికి క్యారెట్ ముక్క ఇచ్చారు. అప్పలమ్మ గారు కొరికి చూసి, “లోన తియ్యగుంది. ఊరలేదిది” అన్నారు.

సోమవారం సంతకమైతే గడువు దక్కేదని మీకు తెలుసు గదా అని అడిగాను. అడగకూడని ప్రశ్న. ఆమె జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“వరదలో నాకు మిషన్లు పోయాయి, సరుకు పోయింది, రికార్డులు పోయాయి. అయినా బడి వంటగదిలో పెట్టిన మొదటి రోజునే జనం వచ్చారు. నా సీసా తిని ఎవరికీ ఒక్కసారి కూడా కడుపునొప్పి రాలేదు, అందుకని. నీళ్లలోంచి నేను బయటికి తెచ్చుకున్నది అదొక్కటే అంకుల్. దాన్ని మీ సంతకానికి ఇచ్చెయ్యనా?”

నేరుగా ప్రయోగశాలకు వెళ్లాను. అక్కడి విశ్లేషకురాలు శ్రావ్య హైదరాబాదు నుంచి అమెరికా మీదుగా వచ్చిన అమ్మాయి. పదేళ్ల అనుభవం, నా తెల్లజుట్టంటే భయం లేదు.

“మీరు మ్యాంగో అని రాసిన్రు, నేను మొత్తం బ్లెండ్ చేసి రీడింగ్ తీసిన. క్యారెట్ ఉందని ఒక్క ముక్క రాస్తే సపరేట్‌గా చెక్ చేసేదాన్ని గద అంకుల్” అన్నది. మిగిలిన సీసా తెరుస్తూ, “ఊరగాయ అంటే ఆవకాయే అనుకుంటరు మీ ఆంధ్రోళ్లు” అని కూడా అన్నది.

పరికరాన్ని 4, 7 అంకెల ప్రామాణిక ద్రావణాలలో సరిచూసి, క్యారెట్ ముక్కకు అంటిన నూనె తుడిచి, నడిమి భాగం మాత్రమే కోసి నూరి కొలిచింది. 5.1. మూడు ముక్కలు కొలిచినా అదే తీరు. నూనె పూత ముందే పట్టడంతో పులుపు లోపలికి దిగలేదు.

ఆ లాటు, అంటే ఆ విడతలో చేసిన సీసాలు మొత్తానికి, అమ్మరాదనే నిలుపుదల చీటీలు నా చేతులతోనే కట్టాను. నా మీద నేనే లోప నివేదిక రాసి సూపర్‌వైజరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, ఇన్నేళ్లలో మీనుంచి ఇది మొదటిది అన్నారు. పట్టుబడినవాటిలో మొదటిదని చెప్పాను. నివేదిక నా సర్వీసు పత్రాలలో చేరింది.

చీటీలు కడుతున్న రోజున మాలిని గారు అరగంట సేపు సీసాల దొంతరల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తరవాత ఫోన్ అందుకుని కొనేవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అర పోయింది. ఫోన్ పెట్టేసి, “సరే. మేక్ ఎ ప్లాన్” అని పెద్ద క్యారెట్ల బస్తాను తానే కత్తిపీటల బల్ల దగ్గరికి లాక్కుపోయారు. అగ్గిపుల్లలంత సన్నగా కోసి, ఒక రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, ఆ తరవాతే నూనె, కారం. విధానం మారితే మా నిబంధన ప్రకారం వరుసగా మూడు లాట్లు సరిపోవాలి; ప్రతి లాటూ పులుపు కుదురుకునేదాకా ఆగాలి. అక్టోబరు గడిచింది. నవంబరులో రెండో లాటులో బీన్స్ అంకె 4.6కు అతి సమీపంగా రాగా, నేను ఒత్తిడి చేయకుండానే ఆమె దానిని పారబోసి లెక్క మొదటినుంచి పెట్టుకున్నారు.

అప్పలమ్మ గారు అక్టోబరు చివరి వారం డర్బన్ వెళ్లిపోయారు. అంతకు రెండు రోజుల ముందు లాటు చూడటానికి వెళ్లినప్పుడు ఆమె సీసాలు తుడుస్తూ, పక్కనున్న ఖాళీ స్టూలును కాలితో నావైపు జరిపారు. ఇంకా ఫైలు మూయలేదు మామ్మా అన్నాను. “మూసినట్టు రాసీ. ఎవుడు సూస్తాడు?” అన్నారు. కూతురు అనువాదం అడిగితే నేను చెప్పలేదు. నిలబడే నా పత్రం పూర్తిచేసి వచ్చేశాను.

జనవరి మూడో వారంలో ఫైలు మూశాను. ఆ వారాంతంలో మాలిని గారు వీడియో కాల్ కలిపారు. తెరమీద అప్పలమ్మ గారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. “బాగున్నావేటి” అన్నారు. బాగున్నానన్నాను. ఆ తరవాత ఆమెకు మాట రాలేదు. ఇంగ్లీషులో కెనడా చలి గురించి అడిగారు, నేను చెప్పాను. ఆమె నన్ను అడగాలనుకున్నవి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆనాడు ఆ స్టూలు మీద కూర్చుంటే ఏ మాటలు వచ్చేవోనని అనుకోని వారం లేదు.

మాలిని గారికి ఆ మరుసటి ఏడాది అర దొరికింది. నేనిప్పుడుంటున్న ఏజాక్స్ ఊళ్లోనూ ఆమె సీసాలు అమ్ముతున్నారు. మా విభాగపు నమూనా పత్రంలో ‘మందమైన ముక్క ఏది, దాని నడిమి కొలత ఎంత’ అని ఒక గడి చేరింది. అది నింపకుండా పత్రం ముందుకు కదలదు.

తెలిసిన వాసన తగిలినచోట ఇన్‌స్పెక్టరు రెట్టింపు నిదానించాలని, సీసాలో తనకు పరిచయం లేని ముక్కను మొదట తీయాలని ఆ తనిఖీ నాకు నేర్పింది. దక్షిణాఫ్రికా వ్యాపారుల పట్టుదలను అంతవరకు నేను పడిన తరవాత లేచే తీరులో చూశాను. మాలిని గారు దానిని వాడింది ఆమోదం చేతికొచ్చిన మరునాడు, ఎవరూ అడగని సీసా తెరవడానికి. ఆ సీసా తెరవవలసినవాణ్ణి నేను. జీతం అందుకే ఇచ్చేవారు.