చీము పడుతుందని పెట్టని పప్పు

అమ్మ పోయి రెండేళ్లయింది. తిరువూరులో ఆమె వంటింట్లో ఇప్పుడు నేనే వండుకుంటున్నాను. పప్పు ఉడికిన వాసన వస్తే చాలు, అమ్మ కావాలనిపిస్తుంది. యాభై ఏళ్ల దాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, కుక్కరు పక్కన నిలబడి అమ్మా అని పైకే అంటాను.

ఆమెకు గర్భసంచిలో క్యాన్సరని తేలితే బెజవాడలో ఆపరేషన్ చేయించాం. ముందు రోజు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. అమ్మకు షుగరుంది, బరువెక్కువ, రక్తం తక్కువ, వయసు డెబ్బై దాటింది, ఇలాంటివాళ్లకు కుట్లు మానడం కష్టం. వయసును ఏమీ చేయలేం గానీ మిగతా వాటిని కొంతైనా చూసుకోవచ్చట. షుగరు అదుపులో ఉంచాలి, రోజూ నడిపించాలి, గుడ్డూ పప్పూ బాగా పెట్టాలి. డూడూ బసవన్నలా తలూపాను.

ఇంటికి తీసుకొచ్చేసరికి వినగడప నుంచి పెద్దమ్మ దిగింది. అమ్మకు అక్క, ముగ్గురు కోడళ్ల పురుళ్లు చూసిన మనిషి.

"పప్పు పెడతావటే? కుట్లు చీము పట్టవూ? డాక్టర్లకేం, ఎన్నయినా చెప్తారు. బీరకాయ కూర, చారు, అంతే. మంచం దిగనీకు."

మా వైపు ఒంటి మీద కోత పడిందంటే పథ్యమే. పప్పు, గుడ్డు, వంకాయ దగ్గరికి రానివ్వరు. నేను సైన్సు టీచర్ని. మాంసకృత్తులుంటేనే గాయాలు మానతాయని విస్సన్నపేట బళ్లో ఏటా బోర్డు మీద రాస్తాను. అయినా అమ్మ పొట్ట మీద ఆ కుట్లు చూశాక నా చదువంతా చట్టుబండలైంది. పెద్దమ్మను అని లాభం లేదు, గరిటె నా చేతిలోనే ఉంది.

"నోరు చప్పబడిపోయిందే. కాస్త ముద్దపప్పు పెట్టవే," అని అమ్మ రోజూ అడిగేది.

"చీము పడుతుందమ్మా. కుట్లు మానాక తిందువుగాని."

ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్తే, అమ్మ ఒక చేత్తో గట్టు పట్టుకుని నిలబడి, మాకని వండిన పప్పు గిన్నె మూత తీసి వేళ్లు పెట్టింది. చిన్నపిల్లవా అని కసిరి, ఆ చెయ్యి లాగి కుళాయి కింద కడిగేశాను. అమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ తిట్టు కోసం ఇప్పటికీ మొహం వాచి ఉన్నాను.

మూడో వారంలో కుట్లు విచ్చుకున్నాయి. మళ్లీ బెజవాడ పరిగెత్తాం. ఏం తింటోందని డాక్టరమ్మ అడిగితే బీరకాయ అన్నాను. ఆవిడ కోప్పడలేదు. షుగరూ రక్తం తక్కువా కూడా ఉన్నాయి, ఫలానా దానివల్లే అని చెప్పలేను గానీ ఒంట్లో మాంసకృత్తులు బాగా పడిపోయాయి అంది. గాయం మానితే గానీ కీమో మొదలుపెట్టలేమంది. జబ్బు మా కోసం ఆగుతుందా?

ఇంటికి రాగానే పప్పు మెత్తగా ఉడికించి, అన్నంలో నెయ్యేసి కలిపి, అమ్మ నోటి దగ్గర పెట్టాను. మూతి పక్కకు తిప్పుకుంది.

"వద్దులేవే. చీము పడితే మళ్లీ నీకే చాకిరీ. కుట్లు మానాక తింటాలే."

కుట్లు మానాలంటేనే తినాలమ్మా అని బతిమాలాను. బళ్లో చెప్పే పాఠమంతా చెప్పాను. అమ్మ బుద్ధిగా విని నోరు తెరిచింది. రెండు ముద్దలు మింగి, నా మొహం చూసి మూడోది కూడా మింగింది. అప్పటికే ఆమెకు ఆకలి చచ్చిపోయింది.