కాగితంలో నుయ్యి

మా కోడలు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే నాకు నోరు పెగిలేది కాదు. విశాఖపట్నంలో లా కాలేజీలో పిల్లలకి పాఠాలు చెబుతుంది, అంతవరకు చెప్పగలను. దాని మీద ఇంకో పెద్ద చదువు చదవాలంటుంది. ఆ చదువు పేరు తులనాత్మక రాజ్యాంగ శాస్త్రమట. నేను చదివింది మూడో తరగతి. తులమంటే బంగారం తూచేదని తెలుసు. రాజ్యాంగమంటే మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఈ ఇంట్లో నడిపించింది అని తెలుసు. ఈ రెండూ కలిపి ఏం చదువుతారో మాత్రం తెలీదు.

గోడకవతల మా మరిదిగారి ఇల్లు. అంటే మా తోటికోడలి ఇల్లు. అనకాపల్లిలో ఏ ఇంట్లో ఏం జరిగినా దానికి ముందు తెలియాలి.

"ఏటక్కా, నీ కోడలు మళ్ళీ సదువుతాదంట? ఏ సదువు?" అంది ఒకరోజు గోడమీంచి.

"దేశాల్ని పక్కపక్కన ఎట్టి సూసే సదువంట."

"సూసి?"

"సూసి ఏటి, సూడ్డమే."

"ఏది మంచిదో సెప్పరా?"

"సెప్పరంట."

"ఇదేం సూడ్డం? మన పెళ్ళిళ్ళకొచ్చినోళ్ళు నిన్నూ నన్నూ పక్కపక్కన ఎట్టి సూసి, నలుపెవురో తెలుపెవురో సెప్పీసే కదా బోయినాలకి లెగిసేరు."

నలుపు నేనే.

నవ్వులాటకి ఇలా అంటున్నాను గానీ, ఆ రోజుల్లో మా కోడలి మొహం చూస్తే నాకు దిగులుగా ఉండేది. ఆ చదువులో సీటు కోసం రెండుసార్లు అర్జీ పెట్టింది. రెండుసార్లూ రాలేదు. మీరు చెప్పేది అందరూ చెప్పిందే, ఇందులో మీది ఏముంది అన్నారట. మూడోసారి పెట్టింది. "ఈసారి కూడా రాకపోతే ఇంక మానేస్తానత్తా" అంది చాలా మామూలుగా. అది మానేస్తానంటే మానేసే మనిషి. కాఫీ అలాగే ఒక సోమవారం మానేసింది, మళ్ళీ ముట్టలేదు. మావాడేమో అచ్యుతాపురంలో కంపెనీ పని, తెల్లారకుండా బస్సెక్కేస్తాడు. దాని దిగులు వినడానికి ఇంట్లో నేనే ఉన్నాను. వినగలను గానీ, అర్థమైతే కదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాం. "నాకూ కొంచెం సెప్పు. ఎవురైనా అడిగితే తలొంచుకోలేక సచ్చిపోతన్నాను" అన్నాను.

ఓపిగ్గా చెప్పింది. "ఇదివరకు నాలుగైదు పెద్ద దేశాల రాజ్యాంగాల్నే పక్కన పెట్టుకొని చూసేవారత్తా. ఇప్పుడు చిన్న దేశాలు, మనలాగ ఇంకొకరి పాలన కింద ఉండి బయటికొచ్చిన దేశాలు, అన్నిట్నీ చూస్తున్నారు. అన్ని రాజ్యాంగాలూ కంప్యూటర్లోకి ఎక్కించేసేరు. ఒక మాట కొట్టేమంటే అది ఏయే దేశాల కాగితాల్లో ఉందో వచ్చేస్తుంది. ఒక దేశం జడ్జీలు తీర్పు రాసేటప్పుడు ఇంకో దేశం తీర్పు తెప్పించుకొని చదువుతున్నారు. అన్నిటికన్నా కొత్తదేంటంటే, కాగితంలో రాసింది మనుషుల బతుకుల్లోకి ఎలా దిగుతుందో ఊళ్ళోకెళ్ళి చూసేవాళ్ళకి కూడా ఇప్పుడు సీట్లు ఇస్తున్నారు. నేను పెట్టింది దానికే."

నాకు ఒక్క ముక్క పట్టుబడింది. "ఒకరి కాగితంలోది ఇంకొకరు రాసుకుంటారేటి?"

"రాసుకుంటారు. మనవాళ్ళు కూడా ఐర్లాండు నుంచి కొన్ని తెచ్చుకున్నారు."

"మా మేష్టారు పక్కోళ్ళ పలక సూసి రాసినోళ్ళని సేతి ఏళ్ళమీద కొట్టీవోడు."

"దేశాల్ని ఎవరు కొడతారత్తా."

"అలాగైతే మన పంపకాల కాగితం కూడా సూసిరాతేనే" అన్నాను, ఏదో మాటకి మాట. కోడలి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

ఆ సంగతి ఇది. మా మావగారు పోయాక అన్నదమ్ములిద్దరూ వేరు పడ్డారు. కాగితం రాయడానికి చీడికాడ వైపు నుంచి ఒకాయన్ని తీసుకొచ్చారు. ఆయన అంతకుముందు ఎవరికో రాసిన పంపకాల కాగితం ఒకటి తెచ్చుకొని, పేర్లూ హద్దులూ మార్చి, మిగిలింది ఉన్నదున్నట్టు దించేశాడు. పెద్దమనుషుల ముందు గట్టిగా చదివి వినిపించాడు. అందులో ఒక చోట, పెరటిలోని నూతినీళ్ళు అన్నదమ్ములిరువురూ సరిసమానంగా వాడుకొనవలెను అని ఉంది. మా పెరట్లో అరటిచెట్లున్నాయి, గేదె ఉంది. నుయ్యి మాత్రం లేదు. నీళ్ళకి మా అత్తగారూ, మేమిద్దరు కోడళ్ళూ రెండు చెరుకుతోటలు దాటి వెళ్ళేవాళ్ళం.

సంతకాలైపోయాయి. తర్వాత కొన్నాళ్ళకి ఏదో మాటపట్టింపు వచ్చి మా మరిది "నా వంతు నూతినీళ్ళేవి?" అని ఎగతాళి మొదలెట్టాడు. మా ఆయనకి కోపమొచ్చింది, కాగితంలో నుయ్యి మాటున్న ఆ గీటు కొట్టేద్దామన్నాడు. అప్పుడు మా అత్తగారు వచ్చి మధ్యలో కూర్చుంది. "ఒక గీటు కొట్టేత్తే రెండోది కూడా కొట్టేయొచ్చని తెలిసిపోద్ది. రాసేరు కదా, తవ్వండి" అంది. తిట్టుకుంటూనే తవ్వారు. సరిగ్గా హద్దు మీద తవ్వారు. నీళ్ళు పడ్డాయి. ఇప్పుడు దాని మీద పలక వేసి మోటారు పెట్టాం గానీ, రెండిళ్ళకీ నీళ్ళు అందులోవే.

"రోజూ ఈ నీళ్ళే తాగుతున్నాను. నాకెందుకు చెప్పలేదు?" అంది కోడలు.

"నువ్వడగలేదు."

పెట్టె తీయించి, కాగితం చూసి, ఫోటో తీసుకుంది. ఇంటిగుట్టు దేశాలకి పంచుతారా అని మా తోటికోడలు రెండు రోజులు గోడ దగ్గరికి రాలేదు.

సీటు ఇచ్చేవాళ్ళతో ఇంటర్వ్యూ కూడా ఇంట్లోంచే, కంప్యూటర్లోనే. ముందుగదిలో తలుపేసుకొని కూర్చుంది. నేను మోటారు ఆపేశాను, కుక్కరు దించేశాను. మా తోటికోడలు అలక మానేసి వచ్చింది. ఇద్దరం తలుపు పక్కన చాప వేసుకొని కూర్చున్నాం. లోపల అంతా ఇంగ్లీషు. ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. కానీ ఒకాయన గొంతు సవరించుకొని "వెల్" అన్నాడు.

మా తోటికోడలు నా చెయ్యి గిల్లింది. "ఇన్నావా? బోరువెల్లులో వెల్లు. మన నుయ్యే."

కాసేపటికి ఇంకొకాయన కూడా "వెల్" అన్నాడు. తర్వాత మా కోడలు అంది. ఎవరు నోరు విప్పినా ముందు నుయ్యే. అంతమంది పెద్దవాళ్ళు మా నుయ్యి గురించే అంతసేపు మాట్లాడుతున్నారంటే నాకు గుండె నిండిపోయింది. "అత్త ఉంటే ఎంత మురిసిపోయేదో" అంది మా తోటికోడలు.

కోడలు బయటికొచ్చాక ఆ మాట చెబితే, గోడకి చేరబడి కూర్చుని నవ్వింది. "అది మన నుయ్యి కాదత్తా. మాట మొదలెట్టే ముందు ఊరికే అలా అంటారు. మీరు 'మరేటంటే' అంటారు చూడండి, అలాగ."

"అయితే మన నుయ్యి సెప్పలేదా?"

"చెప్పేను. అప్పుడు ఎవరూ వెల్ అనలేదు. చివర్లో ఒక మేడమ్ మాత్రం అడిగింది. ఆ రోజు గట్టిగా చదివి వినిపించేరు కదా, లేని నుయ్యి మాటని ఎవరూ అక్కడికక్కడ ఎందుకు కొట్టేయించలేదు అని."

"నువ్వేటన్నావు?"

"తెలీదన్నాను. మా అత్తని అడగాలన్నాను."

"అయిపోయింది. తెలీదన్నోళ్ళకి సీటెవుడిత్తాడు" అంది మా తోటికోడలు. కోడలు లేచి మోటారు వేసింది.

సీటు వచ్చింది. ఫోన్లో వచ్చిన ఉత్తరం రెండుసార్లు చదివింది, మావాడికి చెప్పింది, తర్వాత మా ఇద్దర్నీ నూతిపలక మీద కూర్చోబెట్టి నోటుబుక్కు తెరిచింది. మేడమ్ అడిగిన ప్రశ్నతోనే చదువు మొదలుపెట్టమన్నారట.

నా జ్ఞాపకం గురించి ఎవరికీ అనుమానం లేదు. ఏ పెళ్ళిలో ఏ కూర వండారో చెప్పగలను. "రాసినాయన నూతి మాట కాడికొచ్చి ఆగేడు. మావోళ్ళు తలలెత్తేరు. మా అత్త తలుపు సాటున ఉంది. కానీయండి, సదవండి అంది. ఆయన సదివీసేడు" అన్నాను.

"లేదక్కా. ఆవిడ దగ్గింది. అంతే. మాటాడలేదు" అంది మా తోటికోడలు.

"సదవండి అంది."

"దగ్గింది. అప్పుడావిడికి జలుబు."

ఇన్నేళ్ళూ ఈ కథ చీడికాడాయన పొరపాటని చెప్పి అందర్నీ నవ్వించాను. నూతి మాట చెవిన పడగానే నీళ్ళు మోసే మనిషి ఏమనుకొని ఉంటుందో నాకు ఎప్పుడూ తోచలేదు. చదవండి అనే అందా? అంటే కావాలనే అందా, లేక తొందరగా అయిపోతే వచ్చినవాళ్ళకి అన్నం పెట్టొచ్చని అందా? లేక నిజంగానే దగ్గిందా? మూడూ ఆవిడ గొంతుతోనే వినిపిస్తున్నాయి.

కోడలు పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు నా మాట, ఒకవైపు మా తోటికోడలి మాట పక్కపక్కన రాసుకుంది.

"పోల్చడమంటే ఇదేనేటమ్మా?" అన్నాను.

"ఇదే అత్తా."

"మరి ఎవురిది నిజమో సెప్పవా?"

"అది ఇప్పుడే తేలదత్తా."

"రెండేళ్ళు సదివినా తేలదేటి?" అంది మా తోటికోడలు.

"రెండు కాదు పిన్నత్తా, నాలుగేళ్ళు" అంది కోడలు.