గంజిని తప్పు పట్టిన మూడు నెలలు

ఆ రోజు మా ఆయన నేస్తున్న చీరకు ఎడమ అంచు వదులుగా పడింది. ఎడమ చేత్తో విసిరిన, అడ్డపోగు మోసే నాడె సగంలో ఆగి పడుగు పోగుల్ని తెంపింది. పదిహేనేళ్లుగా మగ్గం మీద ఉన్న మనిషి. ఎన్నడూ అలా జరగలేదు.

నేను మూడో తరగతితో ఆగిపోయినదాన్ని. ఇలాంటివి ఎలా రాయాలో తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది పామర్రు దగ్గర నేతగాళ్ల పేట. యుద్ధం రోజులు. నూలు కంట్రోల్లో వచ్చేది, అదీ నాసిరకం. పడుగుకు గంజి పెట్టేది నేను. గంజి సరిగా పట్టకపోతే పోగు తెగుతుంది. అందుకని ఇంట్లో అందరం గంజినే తప్పు పట్టాం.

"నీ గంజిలో జిగురు చచ్చిందే," అన్నారు ఆయన.

"దాని ధ్యాస పొయ్యి మీద ఉంటేగా," అన్నారు మా అత్తయ్య.

నేనూ నిజమేననుకున్నాను. తినే బియ్యంలో గుప్పెడు తగ్గించి గంజి చిక్కగా కాచాను. మూడు నెలలు అలాగే కాచాను. పోగులు తెగుతూనే ఉన్నాయి. ఆయనకు పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతి. పైత్యమని శొంఠి కషాయం ఇచ్చాం. ఒకనాడు మగ్గం గుంటలోనే ఎడమ చెయ్యీ కాలూ కొట్టుకుని స్పృహ తప్పారు.

బెజవాడ తీసుకెళ్లాం. డాక్టరు గారు ఆయన్ని కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచమన్నారు. కుడి చెయ్యి అలాగే నిలిచింది. ఎడమది మెల్లగా కిందికి దిగింది. ఆయనకు ఆ సంగతే తెలియలేదు.

"చాచాను గదండీ," అన్నారు.

డాక్టరు గారు లైటు వేసి ఆయన కళ్లలోకి చాలాసేపు చూశారు. "తలలో ప్రెజర్ ఉందమ్మా. వెంటనే మద్రాసు వెళ్లండి," అన్నారు.

మద్రాసులో ఎక్స్‌రే తీశారు. తల గొరిగి ఆపరేషన్ చేశారు. గ్లయోమా అనే గడ్డ అన్నారు. నాకు అర్థం కాలేదని తెలుగు వచ్చిన ఒక డాక్టరు గారు కాగితం మీద గీసి చూపించారు.

"మెదడులో కబురు మోసేవి నర్వ్ సెల్స్. వాటిని అంటిపెట్టుకుని గ్లయల్ సెల్స్ ఉంటాయి. కొన్ని నక్షత్రాల్లా ఉంటాయి, నర్వ్ సెల్స్‌ని పట్టి నిలబెడతాయి. కొన్ని తీగ మీద పొరలా చుట్టుకుంటాయి. మరీ చిన్నవి చెత్త ఎత్తేస్తాయి."

"పడుగుకు గంజి లాగా అండీ?"

"దగ్గరగానే చెప్పావమ్మా. గ్లయా అన్న మాటకు అర్థం జిగురే. మీ ఆయనకు ఆ నక్షత్రాల్లాంటివి అదుపు లేకుండా పెరిగాయి."

"మొత్తం తీసేశారా?"

"అందినంత తీశాం. పోగులోంచి గంజి ఒక్కటే ఎలా తీస్తావు?"

"ఉతికితే పోతుందండీ."

డాక్టరు గారు కాగితం మడిచారు. "దీన్ని ఉతకడం మాకింకా రాదమ్మా. మళ్లీ వస్తే మేం చేయగలిగింది లేదు," అన్నారు.

మూడు నెలల ముందు వచ్చి ఉంటే అని అడిగాను. చెప్పలేనన్నారు. అప్పుడొచ్చినా తేడా ఉండేది కాదని ఒక్క మాట అని ఉంటే నేను నిద్రపోయేదాన్ని.

కుట్లు చీము పట్టి నెల పైన అక్కడే ఉన్నాం. మిగిలిన గడ్డను మాడ్చడానికి డీప్ ఎక్స్‌రే ఇచ్చారు. అన్నం వాసనకే వాంతులయ్యేవి. ఇంటికొచ్చాక ఎడమ చెయ్యి కొంత తేరుకుంది. మగ్గం మీద కూర్చుని రెండు చీరలు నేశారు. నాకు ఆశ పుట్టింది. పుట్టకుండా ఉంటే బాగుండేది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. చేతిలో పని తప్పుతుంటే నూలునూ గంజినీ తర్వాత చూసుకోండి. ముందు ఆ మనిషిని కళ్లు మూసుకుని రెండు చేతులూ చాచమనండి. ఒకటి దిగినా, పొద్దుటి తలనొప్పికి వాంతి తోడైనా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

మా ఇంట్లో రోజూ పొద్దున అదే చేస్తాం. ఆయన కళ్లు మూసుకుని చేతులు చాచి, "సమంగా ఉన్నాయా?" అని అడుగుతారు. పది రోజులుగా ఎడమ చెయ్యి దిగుతోంది. ఇవాళ జానెడు దిగింది.

"సమంగానే ఉన్నాయండీ," అన్నాను.

"అయితే గంజి కాచు. పడుగు పెడదాం," అన్నారు.

కాచాను.