మాస్టారి ఎనిమిది మోటార్లు

మాస్టారు పోయారని మొన్న సోమవారం పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. భీమవరంలో నాకు ఇంజనీరింగ్ చెప్పింది ఆయనే. రిటైరయ్యాక నా ఏరేటర్ల షెడ్డులో జీతం తీసుకోకుండా పని చేసిందీ ఆయనే. ఆయన గురించి రాయాలంటే నా తప్పు గురించి రాయక తప్పదు.

రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ మోటారు ఉప్పు తుంపరలకు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది మా బెంగ. మోటారులోకి నీళ్ళు పోకుండా ఆపే సీలులో చవకది, మంచిది. తీగకు పూసే వార్నిష్‌లో చవకది, మంచిది. మాస్టారు వీటిని నాలుగు రకాలుగా కలిపి, రకానికి రెండు చొప్పున ఎనిమిది మోటార్లు కట్టించి ఒకే చెరువులో దింపించారు. ఏది ఏ మూలకో చీటీలు తీసి తేల్చారు. నేను నవ్వితే, "నీకు నచ్చినదానికి మంచి మూల ఇచ్చేస్తావురా" అన్నారు. ఇచ్చేవాణ్ణే.

ప్రతి గురువారం ప్యాంటు మడిచి, గొడుగేసుకుని గట్టు మీద తిరిగేవారు. కరెంటు ఆపించి, తీగల పూత ఎంత గట్టిగా ఉందో చెప్పే మెగ్గర్ పెట్టి అంకె రాసుకునేవారు. ఆగిపోయాక చూసేది శవపరీక్షని, అరుగుతుండగానే చూడాలని అనేవారు.

మూడో నెలకు ఎనిమిదీ తిరుగుతూనే ఉన్నాయి. సీజను ముంచుకొచ్చింది. చవక సీలు ఒక్కటే అయినా, చవక వార్నిష్ ఒక్కటే అయినా పర్వాలేదని, రెండూ కలిసినచోట అంకె వారం వారం పడిపోతోందని మాస్టారు హెచ్చరించారు. ఇంకో రెండు నెలలు ఆగమన్నారు. తిరుగుతున్నాయి కదా అని, రెండూ చవకైన ఆ రకమే నేను అమ్మేశాను.

మొగల్తూరు దగ్గర ఒక చెరువులో నేనమ్మిన ఏరేటర్‌కు చుట్టుకున్న నాచు తీయబోయి పనివాడొకడు షాక్ కొట్టి చనిపోయాడు. తడి చేతులతో పట్టుకున్నాడట అన్నారు ఊళ్ళోవాళ్ళు. నేనూ అదే అన్నాను. మాస్టారు మాత్రం అంకెల పుస్తకం చంకన పెట్టుకుని ఆ పనివాడి ఇంటికి వెళ్ళారు. వెంట వెళ్ళిన నేను కారు దిగలేదు. ఆయన మాట అక్కడికీ వినిపించింది.

"మీ ఆయన తప్పేం లేదమ్మా. ఆ మోటారు పాడవుతోందని మాకు ముందే తెలుసు."

ఆ తరువాత, అప్పటిదాకా అమ్మినవన్నీ పట్టుబట్టి వెనక్కి తెప్పించారు. మళ్ళీ ఎనిమిది మోటార్లు దింపించి మొదటి వారం నుంచి అంకెలు రాయడం మొదలుపెట్టారు.

దహనం రోజున ఆ పనివాడి భార్య బస్సెక్కి వచ్చింది. ఆ రోజు కారులో కూర్చున్నవాణ్ణని నన్ను గుర్తుపట్టింది.

"నిజం చెప్పడానికి మా గుమ్మంలోకి వచ్చింది ఆయనొక్కరేనండి" అంది.

ఆయన వద్దన్నా అమ్మింది నేనేనని, నింద ఆమె భర్త మీదికి నెట్టిందీ నేనేనని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పులు చేత్తో పట్టుకుని, మంట తగ్గేదాకా ఆమె కాలవ గట్టు మీద నిలబడే ఉంది.