పెంకుపురుగుల పిలుపు

నా చిన్నప్పుడు మా చేని గట్టున తొమ్మిది వేపచెట్లు ఉండేవి. బనగానపల్లె దగ్గర మెట్ట చేను మాది, వాన పడితేనే పంట. నాకు పదేళ్లప్పుడు వేసిన వేరుశనగ సగానికి సగం నిలువునా ఎండిపోయింది. మొక్కను పీకితే వేరుండేది కాదు. మట్టిలో తెల్లటి లావుపాటి పురుగు ముడుచుకుని పడుకుని ఉండేది.

తొలకరికి నేలలోంచి లేచే పెంకుపురుగుల పిల్లలే ఇవని మా నాయనకు తెలుసు. ఆ పెంకుపురుగులు పొద్దుగూకగానే వేపచెట్లెక్కి ఆకు తింటాయి, తెల్లవారేలోగా దిగి చేలో గుడ్లు పెడతాయి. చెట్లుండబట్టే అవి మా చేనికి వస్తున్నాయని ఆయన నమ్మకం. మరుసటి ఏడు తొలివాన పడిన రోజే, చెట్లు కొట్టడానికి ఇద్దరు మనుషులను మాట్లాడి వచ్చాడు.

అప్పుడు మా మేనత్త మా ఇంట్లోనే ఉంది. నాయనకు అక్క. ఏదైనా నచ్చకపోతే ఆమె వాదించేది కాదు, వెళ్లి చూసి వచ్చేది. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని గట్టు మీదికి నడిచింది. మసకచీకటి పడుతుండగా నేలలోంచి పురుగులు జుయ్యిమని లేచాయి. నేను పారిపోబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఏ చెట్టు మీద ఎన్ని వాలాయో చూడమంది. చూస్తే ముసురుకున్నవన్నీ రెండు చెట్లకే. పక్కనే ఉన్న చెట్లు దాదాపు ఖాళీ.

"ఆకు అన్నిటికీ ఉండాది గదా. మరి ఈ రెంటికే ఎందుకు పోతాండాయి?" అంది అత్త.

ఆమె ఒక కొమ్మ వంచి చూపించింది. ఆకుకు కదలకుండా వేలాడుతున్న ఒక పురుగు చుట్టూ నాలుగైదు తిరుగుతున్నాయి.

"ముందొచ్చిన ఆడది వాసన ఇడుస్తాది. ఆ వాసన పట్టుకోని తక్కినవి వస్తాయి."

నేనొక పురుగును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేపాకు వాసన తప్ప ఏమీ రాలేదు.

"నీకు రాదులే. అది నిన్ను పిలవడంల్యా," అంది నవ్వి.

జంటగా ఉన్నవాటిని ఏరి పాత పలచటి గుడ్డలో వేపాకుతో పాటు మూటకట్టింది. ఇంటికొచ్చి, పురుగులను పిలిచేది చెట్టు కాదు, ఆడపురుగు వాసనని నాయనకు చెప్పి ఒక్కరోజు ఆగమంది.

"కూలోళ్లకు మాటిచ్చినానక్కా. ఈ చెట్లుంటే నా చేను బతకదు."

"చెట్లు కొడితే పక్కోళ్ల చెట్లెక్కుతాయి, తిరిగి నీ చేలోకే దిగుతాయి. ఎల్లుండి రమ్మను. నా మాట తప్పయితే నేనే ముందుండి కొట్టిస్తా."

మర్నాడు మధ్యాహ్నం ఆ మూటను గట్టు చివరి చెట్టుకు కట్టింది. ముందురోజు ఒక్క పురుగూ వాలని చెట్టది. పొద్దు వాలేసరికి నాయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదట పురుగులు పాత చెట్లకే పోయాయి. అత్త ఓడిపోతుందేమోనని ఆమె వంక చూశాను. ఆమె మాత్రం కదల్లేదు. కాసేపటికి మూట చుట్టూ ఒకటి తిరిగింది. తర్వాత పది. చూస్తుండగానే ఆ చెట్టు నిండా పురుగులే.

నాయన పొడుగాటి కట్టె తెచ్చి తానే కొమ్మలు దులిపాడు. కింద పరచిన గోనెపట్టల మీద రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్ల బక్కెట్లో వేశాం. మూట మారుస్తూ పదిరోజులు అలాగే చేశాం. చెట్లు కొట్టేవాళ్లను మళ్లీ పిలవలేదు.

ఆ ఏడు పురుగు పూర్తిగా పోలేదు, అక్కడక్కడా మొక్కలు ఎండాయి. అయినా పంట ఇంటికొచ్చింది. ఊళ్లో ఎవరడిగినా నాయన "మా అక్క కనిపెట్టింది" అని చెప్పేవాడు.

ఈమధ్య మా మనవడి కందిచేలో లింగాకర్షక బుట్టలు కట్టారు. ఆడపురుగు వాసన పట్టించిన రబ్బరు బిళ్ల ఒక్కొక్క దాంట్లో పెట్టి, మగపురుగులు ఎలా వస్తాయో వ్యవసాయాధికారి నాకు ఓపిగ్గా వివరించాడు. నేనూ ఓపిగ్గానే విన్నాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఫలానాదే కారణమని ఎవరైనా గట్టిగా చెబితే అవుననను, కాదనను. "పద, చూసొద్దాం" అంటాను. చెప్పులేసుకుని నేనే ముందు బయల్దేరతాను.